మేము, మనము

తెలుగు నేర్చుకొనవచ్చిన పరదేశీయులకు మొదట నెదురగు చిక్కులలో "మేము", "మనము" అను రెండు మాటల భేదమొకటి. ఇంగ్లీషువారికి ఈ రెంటికిని ఒక్కటే మాట. జర్మనులకును, ఫ్రెంచివారికిని అంతే. మనకు మాత్రము రెండు గలవు. వినువానిని వెలుపల నుంచి చెప్పునది "మేము". వానిని లోనికి చేర్చుకొని చెప్పునది "మనము". "మేము భోజనమునకు పోవుచున్నాము" అన్నచో వినువాడు ఉన్నచోటనే యుండవలెను. "మనము భోజనమునకు పోవుదము" అన్నచో వాడును లేచి చేయి కడుగుకొనవచ్చును. మూడేండ్ల పసివాడు ఈ భేదమును ఎవరును నేర్పకయే గ్రహించును. పట్టములు పొందిన పెద్దలు ఏండ్ల తరబడి తడబడుదురు.

మన పాఠశాలలో తెలుగు చెప్పుట నా వృత్తి. దానితోబాటు, కొన్ని సంవత్సరములుగా సాయంకాలములందు మెట్రో రైలెక్కి, హైదరాబాదునకు పడమటనున్న హైటెక్ సిటీ ప్రాంతమునకు పోయి, అచ్చట కాపురమున్న పరదేశీయులకు కొందరికి తెలుగు నేర్పుచున్నాను. నేను వారికి నేర్పినదానికంటె వారివలన నేను తెలిసికొనినది ఎక్కువ. ఆ సంగతులలో కొన్నింటిని ఈ సంచికలో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మిషను పెద్దలకును విన్నవింప దలచితిని.

ఆ ప్రాంతమును నేడు చూచువారికి ముప్పదియేండ్ల క్రిందట అది యెట్లుండెనో ఊహకందదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గము, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ అనునవి గుట్టల నడుమను, చెరువుల గట్లమీదను వెలసిన పల్లెలు. ఒకనాడు గోలకొండ కోటకు నీరందించిన దుర్గముచెరువు వాని నడుమనే యున్నది. 1998వ సంవత్సరము నవంబరు నెలలో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. ఆ యేటనే మైక్రోసాఫ్టు కంపెనీ హైదరాబాదునకు వచ్చెను. 2001లో గచ్చిబౌలి సమీపమున ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వెలసెను. 2004లో గూగుల్ వచ్చెను. 2018వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన స్వీడను దేశపు ఐకియా కంపెనీ మన దేశమునందలి తన మొదటి అంగడిని ఇచ్చటనే తెరచెను. 2019లో అమెజాన్ కంపెనీ నానక్‌రామ్‌గూడలో మహాభవనమొకటి కట్టెను. బేగంపేటలోని పైగా ప్యాలెసులో 2008 నుండి యుండిన అమెరికా కాన్సులేటు 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకే తరలెను. పల్లెల పేర్లు మిగిలినవి, గుట్టలు కొన్ని మిగిలినవి, తక్కినదంతయు క్రొత్తది.

ఈ క్రొత్తయూరిలో నున్నవారిలో అధికసంఖ్యాకులు మన దేశీయులే. పరదేశీయులు వారి నడుమ కొలదిమంది. కంపెనీ పనిమీద రెండు మూడేండ్ల గడువుతో వచ్చిన అధికారులు, వారి భార్యలు, బిడ్డలు, కాన్సులేటు ఉద్యోగులు, బోధింపవచ్చిన ఆచార్యులు, సాఫ్టువేరు చదువవచ్చిన ఆఫ్రికా దేశపు విద్యార్థులు, ఇట్లు పలుతెరగులవారు గలరు. నూటయెనుబది దినములకు మించిన వీసాతో చదువునకో, ఉద్యోగమునకో వచ్చిన పరదేశి, వచ్చిన పదునాలుగు దినములలో పరదేశీయుల నమోదు కార్యాలయమున తన పేరు వ్రాయించుకొనవలెను. అది సర్కారు విధించిన మొదటి పాఠము. రెండవ పాఠమును వాకిటనున్న కావలివాడు చెప్పును.

ఆ రెండవ పాఠమేదన, "భోజనమైనదా, అమ్మా?" అను ప్రశ్న. నా శిష్యురాలగు ఒక జర్మను ఇల్లాలు మొదటి మాసమంతయు ఈ ప్రశ్నతో కలవరపడెను. "ఇతడు దినమును నన్నెందుకిట్లడుగును? నాకు తిండిలేదని అనుకొనుచున్నాడా? లేక నేనతనికి భోజనము పెట్టవలెనా?" అని ఆమె నన్నడిగెను. అది క్షేమమడుగు తీరుగాని వంటకముల విచారణ కాదని చెప్పితిని. కరవులు కాపురమున్న నేలమీద, మనుష్యుడు క్షేమముగా నున్నాడా అని తెలిసికొనుటకు ఇంతకన్న సూటియైన ప్రశ్న లేదు. ఆమె ఆ మరునాడు కావలివానిని తానే ముందుగా అడిగెనట. "తిన్నానమ్మా, మీరు?" అని వాడు నవ్వెనట. అది తెలుగు నేలమీద ఆమె జరిపిన మొదటి సంభాషణ.

తక్కిన ప్రశ్నలు ఇంత సులువుగా లోపలికి దిగవు. "జీతమెంత? పెండ్లియైనదా? పిల్లలెందరు? ఒక్కరేనా? ఏమి కారణము?" అని రైలులో ప్రక్కనున్నవాడు అడిగినప్పుడు ఐరోపావారి ముఖము ఎఱ్ఱబడును. వారి దేశమున ఇవి తలుపు వేసికొని మాటాడు సంగతులు. మనకో, ఎదుటివానిని ఏ వరుసలో పిలువవలెనో తేల్చుకొనుటకు ఇవి కొలకఱ్ఱలు. అన్న యనవలెనా, తమ్ముడనవలెనా, బాబాయి యనవలెనా, వయస్సును సంసారమును తెలియక యెట్లు నిర్ణయింతుము? వరుస కలుపనిదే మాట కలుపలేని జాతి మనది. పేరు పెట్టి పిలుచుటయే వారికి చనువు. పేరు పెట్టక పిలుచుటయే మనకు గౌరవము.

నాకును ఒక చిత్రమైన అనుభవము కలిగెను. మొదటిసారి పాఠము చెప్ప పోయిన దినము మంచి వేసవి. వారు తలుపు తీసి, కూర్చుండబెట్టి, "కాఫీ త్రాగుదురా?" అని యడిగిరి. మన మర్యాద చొప్పున "వద్దండి" అంటిని. వారు "సరే" యని పుస్తకము తెరచిరి. గంటసేపు ఎండిన నాలుకతో అచ్చులు, హల్లులు చెప్పితిని. వారి దోషమేమియు లేదు. వద్దన్నవానిని బలవంతపెట్టుట వారి దేశమున అమర్యాద. మొదటిసారి అడుగగానే సరే యనుట మన దేశమున అమర్యాద. మన ఇండ్లలో మొదటి "వద్దు" వినయము, రెండవ "వద్దు" మొగమాటము. మూడవదే నిజమైన వద్దు. పిమ్మట నేనీ సంగతిని పాఠముగా చెప్పగా ఆ దంపతులు కడుపుబ్బ నవ్విరి. అది మొదలు ఆ యింట ఏమియు నడుగకయే కాఫీ వచ్చుచున్నది.

ఇంటిలో నవ్వుతో పోవు భేదము కార్యాలయమున నష్టము తెచ్చును. పరదేశపు అధికారి "శుక్రవారమునాటికి ఈ పని ముగియునా?" అని యడుగును. మన కుఱ్ఱవాడు తల కుడియెడమలకు ఆడించి, "చూద్దామండి, అయిపోతుంది" అనును. ఆ తలయూపు వారికి కాదన్నట్లు కనబడును, మాట అవునన్నట్లు వినబడును. శుక్రవారము వచ్చును, పని ముగియదు. ఇతడు అబద్ధమాడెనని అధికారి తలంచును. పెద్దవాని యెదుట కాదనుట యెట్లని కుఱ్ఱవాడు చింతించును. మన పలుకుబడిలో "చూద్దాము" అనుమాట పెక్కుసారులు మెత్తనైన కాదు. అమ్మను బొమ్మ కొనిపెట్టుమని అడిగిన ప్రతి పిల్లవానికిని ఈ యర్థము తెలియును; నిఘంటువునకు తెలియదు. కావున నేను నా శిష్యులకు, "అగునా, కాదా యని యడుగకుడు. ఇంక మిగిలినదేమి, ఏ దినమున ఏది ముగియును, అని యడుగుడు" అని చెప్పుచుందును. మన విద్యార్థులకు చెప్పవలసినదియు నొకటి కలదు. కాలేని పనిని కాలేదని నెమ్మదిగా చెప్పుట అవిధేయత కాదు, అడిగినవానియందలి గౌరవమే.

కృతజ్ఞత చెప్పుటయందును ఇట్టి భేదమే యున్నది. వారు ఉప్పు గిన్నె అందించినను ధన్యవాదము చెప్పుదురు. మన యింట అన్నము వడ్డించిన తల్లికి కుమారుడు ధన్యవాదము చెప్పినచో ఆమె మనసు నొచ్చుకొనును. తనను పరాయిదానిని చేసెనని తలంచును. ధన్యవాదములను మనము సభలకు దాచియుంచితిమి. ఇంటిలో దానికి బదులు మరియొకసారి అన్నము పెట్టించుకొందుము. ఇంటినుండి బయలుదేరునపుడు "పోవుచున్నాను" అనరాదనియు, "వెళ్ళివచ్చెదను" అనవలెననియు నేను నేర్పినప్పుడు వారందరును ఒకే తీరున ఆగిపోవుదురు. వీడ్కోలులోనే మరల వచ్చుట ఇమిడియున్న మాట వారి హృదయమును తాకును. స్వదేశమును విడిచి వచ్చినవారు గదా!

భేదములు తెలిసికొనుట పరదేశీయునికొక్కనికే విధి కాదు. అమ్మకము కోరి వచ్చిన కంపెనీయు నేర్చుకొనవలసివచ్చెను. ఐకియావారు హైదరాబాదులో అంగడి తెరచుటకు ముందు మన యిండ్లెట్లుండునో పరిశీలించిరి. బంధువులు చెప్పక వత్తురు గాన, మడిచి దాచుకొను కుర్చీలు, పీటలు ఎక్కువ కావలెనని గ్రహించిరి. అంగడిలోని వేయిమంది కూర్చుండగల భోజనశాలలో గోమాంసము, పందిమాంసము మానిరి. తమ దేశపు మాంసపుటుండలను కోడిమాంసముతోను, కూరగాయలతోను చేయించిరి. బిరియానీ, సమోసాలు చేర్చిరి. వర్తకమునకే ఇంత నేర్పు కావలసినపుడు స్నేహమునకు ఎంత కావలెనో చదువరులే ఊహింతురు గాక.

ఇంతకును హైటెక్ సిటీలో తెలుగు లేకయే ఏండ్లు గడపవచ్చును. కార్యాలయమున ఇంగ్లీషు చాలును. అంగడి సరకులు ఫోను మీటగనే వాకిటికి వచ్చును. ప్రహరీగోడల నడుమ ముప్పది అంతస్తుల మేడలలో నివాసము. గేటు దాటుటకు అనుమతి. లిఫ్టులో ఎవరి ఫోను వారిది. ఒక శిష్యుడు పట్టుదలతో నాలుగు వాక్యములు నేర్చి కావలివానితో పలికెను. వాడు ఒడిశా దేశస్థుడు. తెలుగు అతనికిని రాదు! ఇరువురును నవ్వుకొని విరిగిన హిందీలో మాటాడుకొనిరట. అస్సాము, ఝార్ఖండు, ఒడిశాల నుండి వచ్చి అచ్చటి మేడలు కట్టినవారును, వానికి కావలి కాయువారును ఈ యూరికి క్రొత్తవారే. పరదేశియన్న పేరు మాత్రము వారికి లేదు; పరాయితనము కలదు.

పూర్వము ఇట్లు కాదు. హైదరాబాదు పరదేశీయులను ఇముడ్చుకొనుట ఇది మొదటిసారి కాదు. యెమను దేశమునందలి హద్రమౌతు నుండి వచ్చి నిజాము సైన్యమున చేరిన అరబ్బులు నగరమునకు దక్షిణమున సైనికుల బ్యారక్సులలో నివసించిరి. ఆ మాటయే అరిగి "బార్కస్" అయినది. వారి వంశీయులు నేటికిని అచ్చటనే యున్నారు. ఆ అరబ్బులు తెచ్చిన గోధుమమాంసపు జావ హైదరాబాదు హలీమై, 2010లో భౌగోళిక గుర్తింపును పొందినది. నేడది "మన హలీము". ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీలు నిజాము అంగరక్షక దళమున అశ్వికులై యుండిరి. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట ఆ దళము లేకపోయినను, మాసబ్ ట్యాంకు సమీపమున ఏ.సీ. గార్డ్స్ అను పేట పేరులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను మాట నిలిచియున్నది. అరబ్బులును, సిద్దీలును వెంటదెచ్చిన మర్ఫా వాద్యము లేక పాతనగరమున పెండ్లి యూరేగింపు నడువదు. 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండును ముస్లిములు మూసా రహీమనియు, హిందువులు మూసా రాముడనియు పిలిచిరట; మూసారాంబాగు అను పేరు ఆయనవలన వచ్చినదని చెప్పుదురు. ఒక్క మనుష్యునికి రెండు మతములవారును తమ తమ పేర్లు పెట్టుకొనిరనగా, అతనిని ఎంత లోనికి తీసికొనిరో గదా!

మిషను పాఠశాలలో చదువు మనకు మరికొన్ని పేర్లు స్మరణీయములు. ఫాదర్ హయ్యరుగారు 1842వ సంవత్సరము జూలై 31వ తేదీన అమెరికా నుండి గుంటూరు చేరిరి. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సీ.పీ. బ్రౌనుదొరగారు వేమన పద్యములను వెదకి అచ్చొత్తించి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1883లో గుంటూరునకు వచ్చి, వైద్యసేవ చేసి, 1930లో అచ్చటనే కన్నుమూసిరి. వీరి కాలమున ఫోను మీటగనే సరకు తెచ్చువారు లేరు. పాలు కావలెనన్నను, రోగి నొప్పి తెలిసికొనవలెనన్నను తెలుగే శరణ్యము. అక్కర వారికి భాష నేర్పెను. భాష వారిని మనవారిని చేసెను.

నేటివారిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. అక్కర లేనిచో ఎవరైనను ఏల నేర్తురు? అతిథి యనగా తిథినియమము లేక వచ్చువాడని పెద్దలు చెప్పుదురు. హైటెక్ సిటీకి వచ్చు పరదేశికి వచ్చిన తిథియు, పోవలసిన తిథియు పాస్‌పోర్టులోనే ముద్రింపబడియున్నవి. పోవువానితో పొత్తేల యని మనమును, ఉండబోని యూరి మాట యేల యని వారును తలంచుచున్నాము. ఇది రెండువైపులనున్న గోడ.

ఆ గోడను మన మర్యాదయే కొన్నిసారులు ఎత్తుచేయును. ఒక అమెరికను ఇంజనీరు నా శిష్యుడు. సహోద్యోగుల పెండ్లిండ్లకు పెక్కింటికి పోయినవాడు. పోయినచోటనెల్ల ఆయనను ముందువరుస సోఫాలో కూర్చుండబెట్టుదురు, మొదట వడ్డింతురు, వరుసగా నిలిచి ఫొటోలు తీసికొందురు, పిమ్మట ఎవరి సందడిలో వారుందురు. "నన్ను రాజును చేయుదురు, ఒంటరిని చేయుదురు" అని ఆయన నాతో అనెను. ఒకసారి కరీంనగరు జిల్లా పల్లెలో పెండ్లికి పోయెను. రెండవ పంక్తికి వడ్డించువారు చాలలేదు. పెండ్లికూతురి మేనమామ ఆయన చేతికి సాంబారు బకెట్టు నిచ్చి, "బావా, అటువైపు చూడు" అనెనట. ఆయన చొక్కా చేతులు మడిచి మూడు పంక్తులు వడ్డించెను. తిరిగివచ్చి నాతో, "పంతులుగారూ, మీరు చెప్పిన మనము అను మాట నాకు బకెట్టులో దొరకినది" అనెను. గౌరవము అతిథిని చేయును. పని పంచుకొనుట పొరుగువానిని చేయును.

అందరికిని ఆ సోఫాయైనను దొరకదు. ఇది చెప్పుట కష్టమైనను చెప్పక తీరదు. నా శిష్యులలో తెలుగు అందరికన్న శీఘ్రముగా నేర్చినవాడు నైజీరియా దేశపు విద్యార్థి. అతడు ఇల్లు అద్దెకు వెదకుచు ఫోనులో మాటాడినపుడు ఇల్లు ఖాళీగా నుండును. స్వయముగా పోయి నిలిచినపుడు "ఇప్పుడే ఇచ్చివేసితిమి" అని చెప్పుదురు. ఆ మరుసటి వారమును ఆ వాకిట "టు లెట్" పలక వ్రేలాడుచునే యుండును. వీధిలో పిల్లలు అతని రంగును పేరు చేసి పిలుతురు. పెద్దలు విని నవ్వుదురు. పిల్లల మాటలు అతనికి తెలియవని వారి తలంపు. అతనికన్నియు తెలియును, నేనే నేర్పితిని. ఒకనాడతడు నాతో, "అయ్యా, మీ భాషలో రెండు మాటలున్నవని చెప్పితిరి. తలుపు తీసినవారి ముఖము చూడగానే, వారు నోరు తెరవకముందే, ఆ రెంటిలో నాకు దొరకునది యేదో తెలిసిపోవును" అనెను. నాకు బదులు తోచలేదు. తెల్లని అతిథికి సోఫాయు, నల్లని అతిథికి మూసిన తలుపును చూపు ఆతిథ్యము ఆతిథ్యము కాదు, అది బేరము. ఆఫ్రికా అశ్వికుల పేరు ఒక పేటకు పెట్టుకొనిన నగరమున ఇట్లు జరుగుట మరింత విచారకరము.

తలిదండ్రులారా, ఈ సంగతి మన యింటి సంగతియే. మనలో ఎవరి బిడ్డయో, తమ్ముడో, మేనల్లుడో పరదేశమున లేని యిల్లు అరుదు. హైటెక్ సిటీకి పరదేశీయులు వచ్చు దారినే మన యువకులు పరదేశములకు పోవుచున్నారు. ఉస్మాన్‌సాగరు గట్టున చిలుకూరు బాలాజీ ఆలయమున వీసాలు కోరి ప్రదక్షిణములు చేయువారిని చూచినచో ఈ మాట నిజమని తెలియును. అచ్చట మన బిడ్డకు ఇల్లు అద్దెకిచ్చిరా? వాని పేరు సరిగా పలికిరా? పండుగనాడు ఎవరైన పిలిచిరా? అని ఇచ్చట తల్లి రాత్రులు నిద్రలేక తలంచుచుండును. 2017వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన అమెరికాలో కాన్సాసు రాష్ట్రపు ఒలేతే పట్టణమున, హైదరాబాదు నుండి పోయిన ఇంజనీరు నొకనిని, తన దేశమును విడిచిపొమ్మని కేకలువేసి ఒకడు తుపాకితో కాల్చిచంపెను. అతని మిత్రుడైన మరియొక తెలుగువాడు గాయపడెను. ఆ మాట ఇచ్చట ఎన్ని యిండ్లలో పొయ్యి వెలుగనీయలేదో మనకు తెలియును. అయితే ఆ దినముననే ఇంకొకటియు జరిగెను. అచ్చటనేయున్న అమెరికను యువకుడొకడు ఆ హంతకుని ఆపబోయి తానును గుండుదెబ్బ తినెను. వా రతనికి చుట్టములు కారు. కాల్చినవాడు "మేము" అనెను. అడ్డుపడినవాడు "మనము" అనెను. పిమ్మట హ్యూస్టనులోని భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి, ఆ యువకుడు ఇల్లు కొనుక్కొనుటకు ఇచ్చిరి. వారును ఆ మాటకు ఆ మాటనే బదులు పలికిరి.

విద్యార్థులారా, మీరు నాళ్ళు గడచిన పిమ్మట ఆ మేడలలో ఉద్యోగములు చేయుదురు. లేదా మీరే పరదేశమున క్రొత్తవారగుదురు. ఆలోపల మీకు చేతనగు చిన్నపనులు కొన్ని చెప్పెదను. పరదేశి వచ్చీరాని తెలుగులో పలికినపుడు నవ్వకుడు. వెంటనే ఇంగ్లీషులోనికి దుమకకుడు. తెలుగులోనే మెల్లగా బదులిండు. నేర్చుకొనువానికి అంతకన్న మేలు లేదు. వాని పేరును రెండుమారులడిగియైనను సరిగా పలుకుడు. ఫొటో అడుగుటకు ముందు కుశలమడుగుడు. పండుగ విందుకు కాదు, పప్పన్నము దినమున పిలువుడు. మీ వీధిలో ఎవనినైనను రంగునుబట్టి పిలిచినపుడు, పిలిచినవాడు మీ మిత్రుడైనను, "తప్పురా" అని చెప్పుడు. ఒడిశా కావలివానికిని, నైజీరియా విద్యార్థికిని, అమెరికా ఇంజనీరునకును మర్యాద ఒక్కటే కొలతగా నుండవలెను.

మన వేదపాఠములలో మోయాబు దేశపు రూతు కథ విన్నారు గదా. అత్త జనులనే తన జనులుగా నెంచి ఆమె బేత్లెహేమునకు వచ్చెను. ఆమె ప్రేమ గొప్పది. కాని ఆ యూరి పొలములో పరిగె యేరుకొనుటకు ఆమెను రానిచ్చిన బోయజు లేనిచో ఆ ప్రేమ ఏ గింజలు ఏరుకొనును? వచ్చినవారి మనసు సగము. ఉన్నవారి వాకిలి సగము.

నా తరగతిలో ఫిలిప్పీను దేశపు ఉద్యోగిని యొకతె యున్నది. "మేము", "మనము" అను భేదమును ఆమె ఒక్క క్షణమున గ్రహించెను. ఏలయన, ఆమె తగలోగు భాషలోను "కామీ" యనియు, "తాయో" యనియు రెండు మాటలున్నవి. తక్కినవారు ఆమెను చూచి ఆశ్చర్యపడిరి. ఆమె వారితో, "ఇందులో వ్యాకరణము తేలికయే. కష్టమొకటి కలదు. క్రొత్తయూరిలో రెండవ మాటను నేనుగా మొదట పలుకలేను. వారు పిలువకముందే నేను మనము అన్నచో అది చొరబాటువలె నుండును" అనెను.

ఆమె చెప్పినది వ్యాకరణ పుస్తకమున లేని సూత్రము. ఈ పాఠము పరదేశీయులకు నేను పూర్తిగా చెప్పజాలను. సగమే చెప్పగలను. తక్కిన సగము మనదే. వచ్చినవాడు భాష నేర్వవచ్చును, చెప్పులు వాకిట విడువవచ్చును, కుడిచేత తినవచ్చును, వరుస కలిపి పిలువవచ్చును. కాని "మనము" అను మాటను మొదట పలుకవలసినవాడు ఇంటివాడే.